120 రీలు పోయె.. 100 మెగాపిక్సెల్ వచ్చె! కొందామా.. ఆగుదామా?

* మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా అంటే లక్షల్లో వ్యవహారం
* పెళ్లి ఆల్బమ్‌కు అంత అవసరమా?
* లెక్క చూడకుండా దిగితే మిగిలేది కిస్తీలే

తాతల నాటి స్టూడియో. నాన్న చేతిలో పెరిగిన వ్యాపారం. ఇప్పుడు కొడుకు వంతు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఫోన్లోనే దిగిపోతున్నాయి. పుట్టినరోజు వేడుకలకు ఫొటోగ్రాఫర్‌ను పిలిచే వాళ్లు తగ్గారు. పెళ్లిళ్లకు పోటీ చూస్తే ఊరికి పది మంది. ‘అందరి దగ్గరా ఉన్న కెమెరానే మన దగ్గరా ఉంటే మనల్నెవరు పిలుస్తారు? పెద్దది కొనేద్దాం నాన్నా’ అని కొడుకు. ‘ఉన్నదానితో పని నడుస్తోంది కదరా, అప్పెందుకు?’ అని తండ్రి. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా స్టూడియో ఉన్న ఇంట్లో ఈ వాదన ఏదో ఒక రోజు వచ్చి తీరుతుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. తేల్చాల్సింది లెక్కే.

మనకు కొత్తేమీ కాదు

మీడియం ఫార్మాట్ అనగానే ఏదో విదేశీ వింత అనుకోనక్కర్లేదు. పాత స్టూడియోల్లో స్టాండు మీద నిలబెట్టి, పైనుంచి తొంగి చూసి తీసిన యాషికా, రోలీఫ్లెక్స్, మామియా కెమెరాలు గుర్తున్నాయా? అవన్నీ మీడియం ఫార్మాటే. వాటిలో వేసేది 120 రీలు. 1901లో కొడాక్ తెచ్చిన సైజు అది. చదరపు బొమ్మలైతే ఒక రీలుకు 12. అందుకే ఆ రోజుల్లో ‘కదలకండి’ అని మూడుసార్లు చెప్పి గానీ బటన్ నొక్కేవారు కాదు. గోడ మీద నేటికీ చెక్కుచెదరకుండా కనిపించే తాతయ్య, అమ్మమ్మల నలుపు తెలుపు ఫొటోల్లో చాలావరకు ఆ రీళ్ల మహిమే.

తర్వాత 35 ఎంఎం రీలు వచ్చింది, కలర్ ల్యాబ్‌లు వచ్చాయి, ఆపై డిజిటల్ వచ్చింది. పెద్ద ఫార్మాట్ ప్రకటనల కంపెనీలకు, ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లకు పరిమితమైపోయింది. 2017లో ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 50ఎస్ తెచ్చాక, అంతకు ఏడాది ముందే హాసెల్‌బ్లాడ్ ఎక్స్1డీ వచ్చాక కథ మారింది. చేత్తో పట్టుకుని తీయగలిగే సైజుకు, అప్పు చేసైనా కొనగలిగే ధరకు దిగింది. చిన్న ఊళ్ల స్టూడియోలకు ఆశ పుట్టింది అక్కడే.

పెద్ద సెన్సార్ అంటే ఎంత పెద్ద?

ఇప్పుడు పెళ్లిళ్లలో వాడే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సార్ 36 బై 24 మిల్లీమీటర్లు. ఫ్యూజీ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ కెమెరాల్లో ఉండేది సుమారు 44 బై 33. వైశాల్యంలో చూస్తే ఒకటికి 1.7 రెట్లు. అంతే. పాత 120 రీలులో చదరపు నెగెటివ్ 56 బై 56 మిల్లీమీటర్లు. అంటే ఈనాటి లక్షల కెమెరా సెన్సార్ మన తాతల నెగెటివ్‌లో సగం కూడా లేదన్నమాట! ఇంకా పెద్ద సెన్సార్ కావాలంటే ఫేజ్‌వన్ ఉంది. దాని 150 మెగాపిక్సెల్ బ్యాక్‌లో సెన్సార్ 53 బై 40. కానీ దాని ధర స్టూడియో కట్టుకునే ఖర్చుతో పోటీ పడుతుంది.

1.7 రెట్ల వైశాల్యం వల్ల వెలుతురులో వచ్చే లాభం ముప్పావు స్టాప్. అదీ లెన్సులు సమానమైనప్పుడే. ఫుల్‌ఫ్రేమ్‌కు ఎఫ్ 1.4, ఎఫ్ 1.2 లెన్సులు బోలెడు దొరుకుతాయి. మీడియం ఫార్మాట్‌లో ఎక్కువ లెన్సులు ఎఫ్ 2.8, ఎఫ్ 4 దగ్గరే ఆగిపోతాయి. వెనక మసకగా, ముఖం స్పష్టంగా రావాలన్నా ఇదే లెక్క. జీఎఫ్ 80 ఎంఎం ఎఫ్ 1.7 లెన్సు ఇచ్చే మసక, ఫుల్‌ఫ్రేమ్ మీద 63 ఎంఎం ఎఫ్ 1.3 లెన్సు ఉంటే వచ్చేదానితో సమానం. 85 ఎంఎం ఎఫ్ 1.4 లెన్సు ఇప్పటికే బ్యాగులో ఉన్నవాళ్లకు ఇందులో కొత్తగా ఒరిగేది తక్కువ.

ఇక మెగాపిక్సెళ్లు. 24 నుంచి 100 అంటే నాలుగు రెట్లు స్పష్టత అనుకుంటారు. అక్కడే పొరపాటు. పొడవు, వెడల్పు రెండూ పెరిగితేనే మొత్తం నాలుగు రెట్లవుతుంది. ఒక్కో వైపు చూస్తే పెరిగేది రెండు రెట్లే. 45 మెగాపిక్సెల్ కెమెరాతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు. 61 మెగాపిక్సెల్ సోనీతో పోలిస్తే మూడో వంతు కూడా కాదు.

ఆల్బమ్‌కు ఎన్ని పిక్సెళ్లు?

మన పెళ్లి ఆల్బమ్‌లో షీటు సాధారణంగా 12 బై 36 అంగుళాలు. ఒక పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు చేయాలంటే ఒక పేజీకి 5,400 బై 3,600 పిక్సెళ్లు కావాలి. అంటే 19.4 మెగాపిక్సెళ్లు. 24 మెగాపిక్సెల్ కెమెరాకు ఇది నల్లేరు మీద నడక. పైగా ఒక్కో పేజీలో మూడు నాలుగు ఫొటోలు పేరుస్తాం. అప్పుడు ఇంకా తక్కువ చాలు.

ఒకే ఫొటోను షీటు మొత్తం పరిచినప్పుడు మాత్రం తేడా ఉంటుంది. 24 మెగాపిక్సెల్ ఫొటో అయితే అంగుళానికి 167 చుక్కలు, 45 అయితే 229, 100 అయితే 323 వస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒళ్లో పెట్టుకుని చూసే అత్తగారికి తెలుస్తుందా? ఆల్బమ్‌లో అలాంటి షీట్లు ఎన్ని ఉంటాయి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఎవరికి వారే చెప్పుకోవాలి.

పెళ్లివారు ఫొటోలు చూసేది ఎక్కడ? ముందు వాట్సాప్‌లో. తర్వాత టీవీలో. 4కే టీవీ మొత్తం తెరకు కావాల్సింది 8.3 మెగాపిక్సెళ్లే. మంటపం ముందు కట్టే ఫ్లెక్సీ ఎంత పెద్దదైనా పది అడుగుల దూరం నుంచి చూసేదే కాబట్టి దానికీ పెద్ద కెమెరా అక్కర్లేదు. 16 బిట్ రంగు అని చెబుతారు. నిజమే, ఒక్కో రంగుకు 65,536 మెట్లు. కానీ ఆల్బమ్ ల్యాబ్‌కు మనం పంపేది జేపెగ్. దానిలో ఉండేవి 256 మెట్లు. ముదురు నీడల్ని, తెల్లటి పంచెను ఎడిటింగ్‌లో సరిచేసుకునేటప్పుడు పెద్ద ఫైలు సాయపడుతుంది. ప్రింటులో దానంతట అది ప్రత్యక్షం కాదు.

తాళి కట్టే వేళ ఆగదు

పెళ్లి పనిలో అసలు పరీక్ష సెకన్లలో ఉంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, మూడు ముళ్లు, తలంబ్రాలు ఎగిరే వేళ. మళ్లీ పోయమంటే పోస్తారేమో గానీ ఆ నవ్వు మళ్లీ రాదు. 2022లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ సెకనుకు మూడు ఫొటోలకు కాస్త ఎక్కువ తీస్తుంది. కదిలే మనిషి వెంట ఫోకస్ కదిలే ఏర్పాటు అందులో లేదు. 2025లో వచ్చిన రెండో తరం ఎక్స్2డీతో గానీ అది రాలేదు. వీడియో అయితే రెండింటిలోనూ లేదు. ఫొటో, వీడియో కలిపి ప్యాకేజీ మాట్లాడుకునే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఫ్యూజీలో వీడియో ఉంది. జీఎఫ్ఎక్స్100ఎస్ రెండో తరం కెమెరా సెకనుకు ఏడు ఫొటోలు తీస్తుంది. అయినా ఫుల్‌ఫ్రేమ్ వేగం దీనికి రాదు. ఫ్లాష్‌తో తీసేటప్పుడు ఫ్యూజీ షట్టర్ వేగం 1/125 దగ్గర ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫ్లాష్ వేసి తీయాలంటే కష్టమే. ఈ విషయంలో హాసెల్‌బ్లాడ్‌ది పైచేయి. షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి 1/2000, కొత్త లెన్సుల్లో 1/4000 దాకా ఫ్లాష్ పనిచేస్తుంది. తుంగభద్ర ఒడ్డునో, యానాంలో గోదావరి గట్టునో ప్రీవెడ్డింగ్ తీసేవాళ్లకు అది నిజమైన వరం.

ఫంక్షన్ హాల్ ఎల్ఈడీ దీపాలతో మరో తంటా. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. పెద్ద సెన్సార్‌ను ఎలక్ట్రానిక్ షట్టర్‌తో చదవడానికి ఎక్కువ సమయం పడుతుంది. దాంతో ఫొటోలో అడ్డ చారలు పడతాయి. చప్పుడు లేకుండా తీద్దామని ఆ బటన్ నొక్కితే మంత్రాలు వినిపిస్తాయి, చారలూ కనిపిస్తాయి.

బరువూ చూసుకోవాలి. జీఎఫ్ఎక్స్100ఎస్ రెండో తరం బాడీ 883 గ్రాములు. 110 ఎంఎం ఎఫ్ 2 లెన్సు ఒక్కటే కిలో. రాత్రి ఎదుర్కోలు నుంచి తెల్లవారి అప్పగింతల దాకా దాన్ని మోయాల్సింది ఆ భుజమే.

మరి ఎవరికి పనికొస్తుంది?

ఇంత చెప్పాక ఈ కెమెరా దండగ అనుకుంటే అదీ తప్పే. దాని చోటు వేరు.

చీర ఒక ఉదాహరణ. ధర్మవరం, మొళకాల్మూరు, బరంపురం పట్టు కావచ్చు, షోలాపూర్‌లో మన పద్మశాలీలు నేసే దుప్పటి కావచ్చు. కొనేవాడు తెర మీద వేళ్లతో పెద్దది చేసి పోగు చూస్తున్నాడు. జరీ మెరుపు, అంచు రంగు ఉన్నదున్నట్టు రావాలి. నేత బట్టను డిజిటల్ కెమెరాతో తీస్తే ఒక్కోసారి లేని అలలు, రంగు చారలు పుట్టుకొస్తాయి. దీన్నే మొయిరే అంటారు. పిక్సెళ్లు పెరిగే కొద్దీ ఈ బెడద తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం కాదు. నెలకు వందల చీరలు తీసే ఒప్పందం చేతిలో ఉన్నవాళ్లకు ఈ కెమెరా పెట్టుబడే.

రెండోది బొమ్మలు, గుడి గోడలు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రాలున్నాయి. హంపి విరూపాక్షాలయం రంగమంటపంలోనూ ఉన్నాయి. ఇలాంటి వాటిని గ్రంథాలకు, మ్యూజియాలకు తీసేటప్పుడు గీత గీతా కావాలి. నిలువెత్తు ప్రింటు వేసినా నిలవాలి. 100 మెగాపిక్సెల్ ఫొటోను అంగుళానికి 300 చుక్కలతో 39 బై 29 అంగుళాల సైజులో వేయొచ్చు. రక్షిత కట్టడాల్లో స్టాండు పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి అన్నది మరవొద్దు.

ఇక్కడా ఒక కిటుకుంది. కదలని వస్తువైతే స్టాండు మీద పెట్టి, సెన్సార్‌ను వెంట్రుకవాసి జరుపుతూ 16 ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలిపే పద్ధతి ఉంది. జీఎఫ్ఎక్స్100లో ఇలా 400 మెగాపిక్సెల్ ఫొటో వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సోనీ ఏ7ఆర్ నాలుగో తరంలోనూ ఇదే పద్ధతిలో 240 వస్తుంది. గోడ కదలదు, చీర కదలదు. కాబట్టి ఆ పనికి కూడా ఫుల్‌ఫ్రేమ్ చాలొచ్చు.

మూడోది నగల ప్రకటనలు, ఫ్యాక్టరీలు, భవనాలు. ఇక్కడ కస్టమర్ ఇంటి పెళ్లివాడు కాదు, కంపెనీవాడు. ఎన్ని మెగాపిక్సెళ్లు కావాలో వాడే చెబుతాడు. దానికి తగ్గ సొమ్మూ ఇస్తాడు.

ధర కథ వినండి

తొందరపడొద్దు అనడానికి పాత ధరలే సాక్ష్యం. 2019లో జీఎఫ్ఎక్స్100 వచ్చినప్పుడు అమెరికాలో 10 వేల డాలర్లు. రెండేళ్లు తిరక్కుండా 2021లో అన్నే మెగాపిక్సెళ్లతో జీఎఫ్ఎక్స్100ఎస్ 6 వేలకు వచ్చింది. 2024లో దాని రెండో తరం 5 వేలకు దిగింది. అంటే అయిదేళ్లలో సగం. హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ 2022లో 8,199 డాలర్లు. 2025లో మరిన్ని హంగులతో వచ్చిన రెండో తరం 7,399. మన దగ్గర సుంకం, జీఎస్టీ కలిపి ధర వేరే ఉంటుంది గానీ జారుడు మాత్రం అదే. ఎకరం పొలంలా, కాసు బంగారంలా కెమెరా ధర పెరిగేది కాదు. కొన్న రోజు నుంచే తరుగు. లెన్సులు కాస్త నయం, నిదానంగా తగ్గుతాయి.

అమెరికాలో ఉన్న బావతోనో, దుబాయ్‌లో ఉన్న తమ్ముడితోనో తెప్పిస్తే చౌక కదా అంటారు. పరిమితి దాటితే విమానాశ్రయంలో సుంకం కట్టాలి. ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. బిల్లు మన పేరున లేకపోతే జీఎస్టీ వెనక్కి రాదు, బీమాకూ చిక్కే.

బ్యాంకు కిస్తీకి మూఢం లేదు

ఒక లెక్క వేసుకుందాం. బాడీ, ఒక లెన్సు, కార్డులు కలిపి 8 లక్షలు అనుకుందాం. 12 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పు తీసుకుంటే నెలకు కిస్తీ రూ.26,570 పైచిలుకు. మొత్తం కట్టేది 9.56 లక్షలు. మూడేళ్లకు సగం ధరకు, అంటే 4 లక్షలకు అమ్ముడుపోయిందనుకున్నా చేతినుంచి పోయేది 5.56 లక్షలు. నెలకు 15 వేల 450. ఈ కెమెరా వల్ల మాత్రమే అదనంగా నెలకు ఇంత వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. పాత కెమెరాతో ఎలాగూ వచ్చే పెళ్లిళ్లను ఇందులో కలపకూడదు.

పెళ్లిళ్లు ఏడాది పొడవునా ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. గురు, శుక్ర మూఢాలు వస్తే నెలలకు నెలలు మంటపాలు మూతే. కిస్తీ మాత్రం అయిదో తారీఖున వచ్చి కూర్చుంటుంది. పన్నెండు నెలల కిస్తీ అంటే 3.19 లక్షలు. దాన్ని ఏడెనిమిది నెలల ముహూర్తాల్లో సంపాదించి పక్కన పెట్టాలి. ఇంట్లో బంగారం కుదువపెట్టి కొనేవాళ్లు ఈ లెక్క రెండుసార్లు వేసుకోవాలి.

జీఎస్టీ కింద నమోదైన స్టూడియోలకు ఒక వెసులుబాటుంది. డిజిటల్ కెమెరాలపై పన్నును 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. కట్టిన ఆ పన్నును తమ బిల్లుల పన్నులో సర్దుకోవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు ఇది రాదు. కొనే ముందు ఆడిటర్‌ను అడగండి.

కెమెరాతోనే ఆగదు

16 బిట్‌లో కుదింపు లేకుండా తీస్తే ఒక్కో ఫైలు 200 ఎంబీ. కుదించినా వంద ఎంబీ పైనే ఉంటుందనుకోవాలి. పెళ్లికి 3 వేల ఫొటోలు తీస్తే 300 జీబీ. రెండు కాపీలు దాస్తే 600. సీజన్‌లో 20 పెళ్లిళ్లంటే 12 టీబీ. పాత కంప్యూటర్ ఈ ఫైళ్లు తెరవడానికే ఆపసోపాలు పడుతుంది. ఆల్బమ్ డిజైనర్ మొదట అడిగేది ‘అన్నా, ఫైళ్లు చిన్నవి చేసి పంపు’ అనే. చిన్నవి చేసి పంపేటప్పుడు పెద్దవి తీయడమెందుకు?

బాగుచేయించడం ఇంకో సంగతి. పెళ్లికి ముందురోజు మొరాయిస్తే ఏంటి దారి? మన ఊళ్లలో దొరకదు, నగరానికి కొరియర్ చేయాలి. ఒకే పెద్ద కెమెరా కొని పాత రెండూ అమ్మేసేవాళ్లు ఈ ఒక్క దెబ్బకు కుదేలవుతారు.

కొనే ముందు ఇలా చేయండి

1. అద్దెకు తెచ్చుకోండి. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో కెమెరాలు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. ఏడాదికి ఎన్ని రోజులు ఈ కెమెరా అవసరమో రాసుకోండి. రోజు అద్దెను ఆ రోజులతో హెచ్చించండి. ఏడాది కిస్తీ కన్నా అది తక్కువైతే అద్దే మేలు.

2. మీ చీరే, మీ వెలుతురే, మీ మనిషే పెట్టి రెండు కెమెరాలతో ఒకే ఫొటో తీయండి. మీరు వాడే ల్యాబ్‌లోనే 12 బై 18, 24 బై 36 సైజుల్లో ప్రింటు వేయించండి. వెనకవైపు మాత్రమే గుర్తు పెట్టండి.

3. ఆ ప్రింట్లను పది మంది కస్టమర్ల ముందు పెట్టి ‘ఏది బాగుంది?’ అని అడగండి. కెమెరా పేరు చెప్పొద్దు. ఆ తర్వాతే రెండో ప్రశ్న: ‘దీనికి అయిదు వేలు ఎక్కువిస్తారా?’ మొదటి ప్రశ్నకు పది మంది అవునన్నా, రెండోదానికి ఎందరన్నారో చూడండి.

4. ఆ డబ్బులో కొంత లైట్లకు, రంగులు సరిగ్గా చూపే మానిటర్‌కు, బ్యాకప్ డిస్కులకు పెడితే ఫొటో ఎంత మెరుగవుతుందో చూడండి. వెలుతురు సరిలేని ఫొటోకు వంద మెగాపిక్సెళ్లు తోడైతే లోపాలే వంద రెట్లు కనిపిస్తాయి.

5. ఒప్పందం ముందు, కెమెరా తర్వాత. చీరల వ్యాపారో, మ్యూజియమో, ఫ్యాక్టరీయో ఏడాది పని రాసిచ్చాక కొంటే అప్పు కూడా భారం కాదు.

ఒక్క మాట

ఇష్టంతో కొనడం వేరు, వ్యాపారానికి కొనడం వేరు. చేతిలో సొమ్ముండి, ఫొటో అంటే ప్రాణమై కొంటే అడ్డు చెప్పేవారెవరు? ఆ స్పష్టత, ఆ రంగులు చూసుకుని మురిసిపోవడానికి లెక్కలక్కర్లేదు. అప్పు చేసి, ఇంటిల్లిపాదీ బతికే స్టూడియోను తాకట్టు పెట్టి కొనేవాళ్లకే ఈ లెక్కలన్నీ. పెళ్లిళ్లే ఆధారమైతే 24 నుంచి 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్, దానికి తోడు మరో బాడీ, మంచి లైట్లు.. ఇవి చాలు. చీరలు, చిత్రాలు, ప్రకటనల పని నెలనెలా ఉంటే పెద్ద కెమెరా తన సొమ్ము తానే తెచ్చుకుంటుంది. నాన్న చెప్పింది అప్పు గురించి, కొడుకు చెప్పింది రేపటి గురించి. ముందు ఓ రెండు రోజులు అద్దెకు తెచ్చి ప్రింట్లు వేయించి, టేబుల్ మీద పరిచి ఇద్దరూ కలిసి చూస్తే వాదన సగం తీరుతుంది. మిగతా సగం ఖాతా పుస్తకం తీరుస్తుంది.